నా మొక్కుబడిని ప్రభువు తోసిపుచ్చలేదు

సహోదరీ సహోదరులారా, ఈ మందిరంలోనే, అదిగో ఆ ఎడమవైపు మూడో బెంచీ దగ్గర, నేను కింద పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే మీలో చాలామంది కళ్లారా చూశారు. ఈ రోజు అదే మందిరంలో నిలబడి మైకు పట్టుకుని మాట్లాడుతుంటే కూడా చూస్తున్నారు. ఈ రెంటికీ మధ్య ప్రభువు నాకేం చేశాడో చెప్పమని పాస్టరు అయ్యగారు నన్ను ముందుకు పిలిచారు. ఐదు నిమిషాల్లో ముగించమన్నారు గానీ, ఆయన చేసిన మేలు ఐదు నిమిషాల్లో ఎక్కడ ఇముడుతుంది, కాస్త ఓర్చుకోండి!

నా పేరు కరుణాకర్. మా నాన్నగారు తెనాలి దగ్గర పల్లె నుంచి టీచరుద్యోగానికి సికింద్రాబాద్ వచ్చారు. నేను సీతాఫల్‌మండిలోనే పుట్టాను, ఈ సంఘంలోనే సండే స్కూలు చదివాను, ఈ బలిపీఠం ముందే సుగుణను పెళ్లి చేసుకున్నాను. ఒక ప్రజారోగ్య సంస్థలో తెలుగు టైపిస్టుగా పనిచేస్తున్నాను. ఇంగ్లీషులో వచ్చిన కాగితాలను తెలుగు చేసి టైపు కొట్టడం నా పని.

చాలామంది తాగుడు మొదలుపెట్టడానికి ఏదో పెద్ద కష్టం ఉంటుందంటారు. నాకు ఏ కష్టమూ లేదు! స్నేహితుడి పెళ్లిలో ఒక గ్లాసు, ప్రమోషన్ వచ్చిందని ఒక గ్లాసు, వాన పడితే చలిగా ఉందని ఒక గ్లాసు, పడకపోతే ఉక్కగా ఉందని ఒక గ్లాసు, అలా అలా ఇరవై ఏళ్లు గడిచేసరికి పొద్దున లేవగానే గొంతులో ఇంత పడకపోతే చొక్కా గుండీలు పెట్టుకోలేని స్థితికి వచ్చాను. దాని కోసం ఎక్కడికో వెళ్లాల్సిన పని కూడా లేదు, మా సందు చివర ఒక దుకాణం, బస్టాపు ఎదురుగా ఒకటి, ఆఫీసు పక్కన, అక్కడే కూర్చుని తాగే పర్మిట్ రూముతో సహా ఇంకొకటి. ఇంట్లో సీసా ఎక్కడ దాచేవాణ్ణో తెలుసా? అటక మీద క్రిస్మస్ స్టార్ పెట్టే డబ్బాలో! డిసెంబరు దాకా దాని జోలికి ఎవరూ పోరు కదా అని నా తెలివి. డిసెంబరు మొదటి వారంలో సుగుణ స్టార్ కోసం డబ్బా దించింది. ఆ రోజు సీసా పక్కన పెట్టి, స్టార్ తుడిచి గుమ్మానికి కట్టింది, అంతే. తిట్టినా బాగుండేది.

రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే బల్లారాధనకు రావడం మానేశాను. మీరంతా నేను ఆత్మీయంగా చల్లబడ్డానని అనుకున్నారు, అదీ నిజమే గానీ అసలు సంగతి వేరే ఉంది. ఒక ఆదివారం అయ్యగారు నా చేతికి చిన్న గిన్నె ఇస్తే నా వేళ్లు వణికి ద్రాక్షరసమంతా ఆయన తెల్ల అంగీ మీద ఒలికిపోయింది. పక్కన మా అమ్మాయి కెజియా తలొంచుకుంది. అప్పుడది తొమ్మిదో తరగతి. ఆ తర్వాత నేను ఆ బల్ల దగ్గరికి రాలేదు.

చివరికి ఒక శుక్రవారం ఉపవాస కూటంలో నేను నిలబడి అందరి ముందూ మొక్కుకున్నాను. ఆ ప్రార్థన నాకింకా గుర్తుంది: "ప్రభువా, ఈ క్షణం నుంచి ఒక్క చుక్క ముట్టను, ఇది నేను నీకిచ్చే కానుక, అంగీకరించు తండ్రీ!" మీరంతా ఆమేన్ అన్నారు. అన్నలు కౌగిలించుకున్నారు. సుగుణ అయితే ఆ రోజు ఇంటికి వెళ్లి పాయసం వండింది. నేను ఇంట్లో ఉన్న సీసాలు బయట పారబోసి, స్నానం చేసి, మంచం మీద బైబిలు పట్టుకుని కూర్చున్నాను. నిజంగా మానేశాను సహోదరులారా, దేవుని ఎదుట చెబుతున్నాను, ఒక్క చుక్క తాగలేదు!

శనివారం చేతులే కాదు, నాలుక కూడా వణకడం మొదలైంది. పక్క తడిసిపోయేంత చెమట. గోడ మీద చీమలు బారులు కట్టి పోతున్నాయని నేను, చీమలేవీ లేవని సుగుణ. అయినా ఆదివారం ఉదయం వచ్చాను, నా మొక్కుబడి నిలబెట్టుకున్నానని మీకు చూపించాలని వచ్చాను. రెండో పాట సగంలో ఉండగా కళ్ల ముందు తెల్లగా అయింది. తర్వాత ఏం జరిగిందో మీకే తెలుసు, నాకు తెలియదు.

లేచేసరికి నా నోట్లో రక్తం, నాలుక కొరుక్కున్నాను. నా చుట్టూ నిలబడి దయ్యాన్ని గద్దిస్తున్నారు, ఎవరో నా తల మీద నూనె పోశారు. ఒక పెద్దాయన నెమ్మదిగానే అన్నారు గానీ నాకు వినబడింది: "మొక్కుబడిలో ఏదో లోపముంది. దేవుడు అంగీకరించలేదు." ఆయన్ని తప్పుపట్టడం లేదు, ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. నేనా మాట ఇంటికి మోసుకెళ్లాను. మధ్యాహ్నం వణుకు తట్టుకోలేక సందు చివరికి వెళ్లి గొంతులో పోసుకుంటే, సహోదరులారా, కాసేపటికే వణుకు ఆగిపోయింది, చీమలు మాయమయ్యాయి! నాకప్పుడు ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. దేవునికి నన్ను నేను ఇచ్చుకుంటే పడేశాడు, సీసా దగ్గరికి వెళ్తే లేపి నిలబెట్టింది. కయీను కానుకలాగా నా కానుకను ఆయన తోసేశాడని మనసులో రాసిపెట్టుకున్నాను. ఆ తర్వాత రెండేళ్లు తాగినట్టు అంతకుముందు ఎప్పుడూ తాగలేదు. అంతకుముందు తప్పు చేస్తున్నానన్న బాధైనా ఉండేది, ఇప్పుడు అది కూడా పోయింది.

ఇప్పుడు మన దేవుడు ఎంత చమత్కారంగా పనిచేస్తాడో వినండి!

మన దేశంలో మద్యం వ్యవహారం రాష్ట్రాల చేతిలో ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. అలా కాకుండా ప్రజల ఆరోగ్యాన్ని ముందు పెట్టి దేశమంతటికీ ఒక మద్యం విధానం ఉండాలని కొందరు డాక్టర్లు ఒక ముసాయిదా రాశారు. దాన్ని తెలుగులో అచ్చువేసి జనం అభిప్రాయం అడగాలని మా సంస్థ తలపెట్టింది. ఆ పని ఎవరికిచ్చారు? పర్మిట్ రూములో నుంచి నేరుగా సీటుకొచ్చి కూర్చునే కరుణాకర్‌కి ఇచ్చారు!

నేను నవ్వుకున్నాను. బడికీ గుడికీ ఎంత దూరంలో దుకాణం ఉండాలి, ఎన్ని గంటలకు తెరవాలి, సోడా పేరు చెప్పి మందు ప్రకటనలు వేస్తున్నారు వాటిని ఎలా ఆపాలి, ఇవన్నీ ఒక్కో పేజీ తెలుగు చేస్తూ పోయాను. వణికే వేళ్లు ఒక్కో మీటను రెండేసి సార్లు కొట్టేవి, మద్యం అన్న ఒక్క మాటను ఎన్నిసార్లు దిద్దుకున్నానో! చివరి భాగం వైద్యం గురించి. అందులో ఒక వాక్యం వచ్చింది. దాన్ని నేను తెలుగులో ఇలా రాశాను: ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగేవారు ఒక్కసారిగా మానేస్తే ఒకటి రెండు రోజుల్లో వణుకు, చెమటలు పుట్టవచ్చు, లేనివి కనబడవచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు కాబట్టి డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి, ఆ వైద్యం ప్రతి ప్రభుత్వ ఆస్పత్రిలోనూ దొరకాలి.

రాసి చదువుకున్నాను. మళ్లీ చదివాను. నా చేతులు ఆ మీటల మీదే ఆగిపోయాయి. వణుకు, చెమటలు, చీమలు, ఫిట్స్. అది నా గురించి రాసిన వాక్యం! పట్టపగలు, ఆఫీసు మధ్యలో, నలుగురూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ ముసాయిదా పని చూసే డాక్టరు నస్రీన్ మేడమ్ లేచి వచ్చారు. పాతబస్తీ ఆవిడ, ఎప్పుడూ గట్టిగా మాట్లాడరు.

"ఏమైంది కరుణాకర్? తబియత్ బాగలేదా?"

"మేడమ్, ఈ ఫిట్స్ సంగతి నిజమేనా?"

"నిజమే. మెదడు మందుకు అలవాటు పడిపోతది. ఒక్కసారి బంద్ చేస్తే తట్టుకోదు. ఎందుకు అడుగుతున్నరు?"

"నాకొచ్చింది మేడమ్. మొక్కుకుని మానేశాను. మూడో రోజు చర్చిలోనే పడిపోయాను. దేవుడు నన్ను వద్దన్నాడనుకున్నాను."

ఆవిడ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తర్వాత అన్నారు, "దేవుడి సంగతి చెప్పేంత దాన్ని కాదు నేను. కానీ ఒకటి చెప్త. తాగుతున్న మనిషికి ఆ ఫిట్స్ రావు. మీరు ఆ రోజు నిజంగ మానేసిండ్రనడానికి అదే సబూత్."

సహోదరులారా, రెండేళ్లు నేను ఏది చూసి దేవుడు నన్ను తోసేశాడనుకున్నానో అదే నేను ఆయనకిచ్చిన మాట నిలబెట్టుకున్నానని సాక్ష్యం! ఎవరి నోట చెప్పించాడు చూడండి! మన సంఘానికి రాని ఒక సహోదరి నోట చెప్పించాడు ఆయన! నేనక్కడే, కంప్యూటరు ముందే, కళ్లు మూసుకుని అన్నాను: "ప్రభువా, నువ్వు నన్ను తోసేయలేదు. నేనే నీ మీద నింద వేశాను. నన్ను క్షమించు. ఈసారి నాకు తెలిసినట్టు కాదు, నువ్వు చూపించిన దారిలో మానతాను." మేడమ్ కదలకుండా కూర్చున్నారు. నేను ఆమేన్ అంటే ఆవిడ కూడా ఆమీన్ అన్నారు!

అప్పటికప్పుడు మానేస్తానన్నాను. "వద్దు వద్దు, మళ్లీ అదే గలతీ చేస్తరా?" అన్నారు. ఆ సాయంత్రమే ఆస్పత్రికి ఫోన్ చేసి మంచం మాట్లాడారు. మర్నాడు పొద్దున సుగుణ, నేను వెళ్లాం. దారిలో ఆమెకు అంతా చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "రెండేళ్లుగా మీ మనసు మార్చమని మోకాళ్లు అరిగేలా అడిగానండీ, మీ మనసు ఎప్పుడో మారిందని నాకెవరు చెబుతారు" అని ఏడుస్తూ నవ్వింది.

పది రోజులు ఉన్నాను. మాత్రలిచ్చారు, రోజురోజుకూ తగ్గించారు, విటమిన్ సూదులు పొడిచారు. మూడో రోజు చీమలు మళ్లీ వచ్చాయి గానీ ఈసారి నేను భయపడలేదు, నర్సమ్మను పిలిచి, "సిస్టర్, నా చుట్టాలొచ్చారు" అన్నాను. ఆమె నవ్వి మందిచ్చింది. సుగుణ పక్కన కూర్చుని పాటలు పాడింది, పక్క మంచాల వాళ్లు ఇంకొకటి పాడమని అడిగారు. ఇంటికొచ్చిన రోజు పొద్దున్నే ఆరు పెసరట్లు తిన్నాను! ఏడోది వేయమంటే కెజియా, "నాన్నా, ఇక చాలు, పిండి అయిపోయింది" అని నా ప్లేటు లాక్కుంది. ఆ పిల్ల మా ఇంట్లో అలా పకపకా నవ్వి ఎన్నేళ్లయిందో!

దాచకుండా చెబుతాను, నాలుగు నెలల తర్వాత ఒకసారి జారిపడ్డాను. బంధువుల పెళ్లిలో ఎవరో గ్లాసు చేతికిస్తే పుచ్చుకున్నాను. కానీ ఈసారి దాక్కోలేదు, తెల్లారగానే డాక్టరు దగ్గరికి నేనే వెళ్లాను, అయ్యగారి దగ్గరికీ నేనే వెళ్లాను. ఆ తర్వాత ఈ రోజు వరకూ ప్రభువు కాపాడుతున్నాడు, దేవునికే మహిమ! ఆ ఈస్టరుకు బల్ల దగ్గరికి వచ్చి గిన్నె అందుకుంటే ఒక్క చుక్క ఒలకలేదు. అయ్యగారు ముందు నా చేతి వైపు చూశారు, తర్వాత నా మొహం వైపు చూశారు, తర్వాత చెప్పాల్సిన మాట మర్చిపోయారు.

ఆ ముసాయిదా మీద మన సంఘం తరపున అభిప్రాయం రాసి పంపింది కూడా మీకు గుర్తుండే ఉంటుంది. స్త్రీల సమాజం అక్కలు బడి పక్క దుకాణం గురించి రాయించారు. నేను ఒక్క మాట కలిపాను: మందు మా సందు చివర దొరుకుతుంది, మాన్పించే వైద్యం ఎక్కడ దొరుకుతుందో రెండేళ్లు నాకు తెలియలేదు, ఆ రెండూ కనీసం ఒకే దూరంలో ఉండేలా చేయండయ్యా అని. ఆ విధానం ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో పెద్దలకు తెలియాలి. అది వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోవాలా? ఎందుకలా అంటున్నానో పోయిన డిసెంబరులో మీరే చూశారు.

మన యాదగిరన్న తెలుసు కదా, బన్సీలాల్‌పేట్‌లో ఆటో నడుపుతాడు, మణెమ్మ భర్త. మణెమ్మ ఏళ్ల తరబడి ఒంటరిగా వచ్చి వెనక వరసలో కూర్చునేది. ఆ ఆదివారం భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. సాక్ష్యాల వేళ ఆయన లేచి, "అయ్యగారూ, శుక్రారం పొద్దుగాల కెళ్లి బంద్ పెట్టిన. నాకోసం జెర ప్రార్థన చెయ్యుండ్రి" అన్నాడు. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. నేను ఆయన చొక్కా వైపు చూస్తున్నాను. డిసెంబరు చలిలో అందరం స్వెట్టర్లు వేసుకుని ఉంటే ఆయన చొక్కా వీపంతా తడిసి ఒంటికి అతుక్కుపోయింది. బెంచీ పట్టుకున్న చేతులతో పాటు బెంచీ కూడా వణుకుతోంది.

ఆరాధన మధ్యలో నేను లేచి నిలబడి అరిచాను, "అయ్యగారూ, ఈయన్ని ఇప్పుడే, ఈ నిమిషమే ఆస్పత్రికి తీసుకెళ్లాలి!"

ఆ పెద్దాయన, ఆనాడు నా గురించి మాట అన్న పెద్దాయనే, "ముందు ప్రార్థన చేద్దాం కరుణాకర్" అన్నారు.

"చేద్దాం బాబాయిగారూ, కారులో చేద్దాం!" అన్నాను.

ఆయన ఒక్క క్షణం నన్ను చూశారు. తర్వాత నేనెప్పటికీ మర్చిపోలేని పని చేశారు. చేతికర్ర పక్కన పెట్టి, యాదగిరన్న చంక కింద తన భుజం ఆనించి, "పదండి, చూస్తారేంటి" అన్నారు. అయ్యగారు అంగీ విప్పకుండానే కారు తీశారు. పెద్దాయన ముందు సీట్లో, యాదగిరన్న, మణెమ్మ, నేను వెనక. దారంతా పెద్దాయన వెనక్కి తిరిగి యాదగిరన్న మోకాలు పట్టుకుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు: "తండ్రీ, మాకు తెలియక ఒక బిడ్డను గాయపరిచాం, ఈ బిడ్డనైనా వేళకు చేర్చు!" ఆ మాట నా కోసం కూడా అన్నారని నాకు తెలుసు. నేను యాదగిరన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

క్యాజువాల్టీ గుమ్మంలో స్ట్రెచరు మీద పడుకోబెట్టగానే ఫిట్స్ వచ్చాయి. కానీ డాక్టరు చేతుల్లో వచ్చాయి! సూది వేశారు, ఆగిపోయాయి. బయట బల్ల మీద మణెమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఒక చిన్న డాక్టరు బయటికొచ్చి, "మంచి టైముకు తెచ్చిండ్రు, ఇంట్లనే ఉంటే పరేషాన్ అయితుండె. ఎవరు గుర్తుపట్టిండ్రు?" అని అడిగాడు. అయ్యగారు నా భుజం మీద చెయ్యి వేశారు. సహోదరులారా, నేను పడ్డ ఆ పాటు, సిగ్గుతో ఎవరికీ చెప్పుకోలేని ఆ రోజు, ఇంకొక మనిషి ప్రాణానికి పనికొచ్చింది! ఆ ఆస్పత్రి వరండాలో నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు.

యాదగిరన్న ఇప్పుడు ఇక్కడే ఉన్నాడు, లేచి చెయ్యి చూపించు అన్నా! చూడండి, ఎలా ఉన్నాడో! పోయిన నెల తన ఆటో స్టాండు నుంచి ఇద్దరిని ఆస్పత్రికి తీసుకెళ్లాడు. వాళ్లు భయపడితే, "ఏంగాదు భాయ్, పది దినాలు. నేను సుత పోయొచ్చిన, గిట్ల చూడు ఎట్లున్ననో" అని వాళ్ల ముందు చేతులు చాపి చూపించాడట. వాళ్లిద్దరిలో ఒకాయన తర్వాత మళ్లీ మొదలుపెట్టాడు, ఆయన కోసం ప్రార్థిస్తున్నాం, వదిలిపెట్టం. మన పెద్దాయన అయితే ప్రతి బుధవారం మధ్యాహ్నం మందిరం పక్క గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఎవరైనా వస్తే ముందు టీ ఇస్తారు, తర్వాత ఏ ఆస్పత్రికి వెళ్లాలో చెబుతారు, ఆ తర్వాత ప్రార్థన చేస్తారు, కావాలంటే తోడు కూడా వెళ్తారు. ఆ వయసులో!

అయ్యగారు గడియారం చూస్తున్నారు, ముగిస్తాను. నన్ను తోసేయని ప్రభువుకు స్తోత్రం, మందులు కనిపెట్టే బుద్ధి మనుషులకిచ్చిన ప్రభువుకు స్తోత్రం, నా సుగుణను నాకిచ్చిన ప్రభువుకు స్తోత్రం, ఆ రోజు కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్న ఆ డాక్టరమ్మ కోసం ఆయనకు వేల స్తోత్రాలు!

ఈ వేళ వెనక వరసల్లో కూర్చున్నవాళ్లలో, గుమ్మం బయట నిలబడి వింటున్నవాళ్లలో ఎవరైనా ఉన్నారేమో. పూర్తిగా మానేశాక, శుభ్రంగా అయ్యాక దేవుని దగ్గరికి వద్దామని చూస్తున్నారేమో. తమ్ముడూ, అన్నా, నేనూ అలాగే చూశాను, అనవసరంగా ఏళ్లు పోగొట్టుకున్నాను. ఒంటరిగా మానకండి. ఇంట్లో తలుపేసుకుని మానకండి. ఆ వణుకుతోనే రండి, ఆ వాసనతోనే రండి. ఇక్కడ ఎవరూ ముక్కు మూసుకోరు, కారు తాళం తీసుకుని లేస్తారు. ఆయన మిమ్మల్ని వద్దనడు. ఆయన ఎవరినీ వద్దనలేదు. ఆమేన్!